చీలమండకు చిన్న కోత చికిత్స: దానికి ముందూ తరువాతా జరగవలసిన పని

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

జాతీయ రహదారి పక్కన హోర్డింగుల మీద, ఫోన్లలో వచ్చే వీడియోలలో, అప్పుడప్పుడు పత్రికల ఆరోగ్య పేజీలలో కూడా ఈ మధ్య చీలమండ లిగమెంట్లకు, అంటే ఎముకలను కలిపి పట్టి ఉంచే గట్టి పట్టీలకు, చేసే ‘కీహోల్’ శస్త్రచికిత్స ప్రస్తావన తరచుగా కనిపిస్తోంది. పెద్ద కోత ఉండదు, మచ్చ పడదు, త్వరగా నడవవచ్చు అన్న మూడు మాటలు మా జిల్లాలో చాలామందికి కంఠతా వచ్చేశాయి. శ్రీకాకుళం జిల్లాలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేసిన నా దగ్గరకు కాలు బెణికిన పిల్లలూ, వారి తల్లిదండ్రులూ ఇప్పటికీ వస్తూనే ఉంటారు. వారిలో కొందరు ఎమ్మారై రిపోర్టు చేతబట్టుకొని వచ్చి, ఆపరేషన్ ఎక్కడ చేయించాలో చెప్పమంటున్నారు. అసలు ఆపరేషన్ అవసరమా అని అడిగేవారు తక్కువ. ఈ చికిత్స మంచిదే, అవసరమైన వారికి అది దగ్గరలో అందాలనే నా కోరిక కూడా. అయితే దానికి ముందు కొన్ని నెలలు, తరువాత కొన్ని నెలలు తెలిసిన మనిషి దగ్గరుండి చేయించవలసిన వ్యాయామం లేకపోతే ఆ చికిత్స వలన కలిగే మేలు చాలావరకు వృథా పోతుందనీ, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో నిజంగా కొరవడినది ఆ వ్యాయామమేననీ మీ పత్రిక ద్వారా నలుగురి దృష్టికీ తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

చీలమండ గాయాన్ని ఆటగాళ్ల గాయంగా మాత్రమే చూడడం మన ప్రాంతానికి సరిపోదు. సైన్యంలో, పోలీసు శాఖలో చేరాలని తెల్లవారకముందే కాలువ గట్ల మీదా రోడ్ల అంచునా పరుగు సాధన చేసే యువకులు ఆమదాలవలస నుంచి ఇచ్ఛాపురం దాకా ఏ ఊళ్లో చూసినా కనిపిస్తారు. చాలా ఇళ్లలో కుటుంబం ఆశలన్నీ ఆ 1,600 మీటర్ల పరుగు మీదే ఉంటాయి. వర్షాకాలంలో నానిన గట్టు మీద నారు కట్టలు మోసే ఆడవాళ్లకు, సీతంపేట కొండదారులలో నెత్తిన బరువుతో దిగివచ్చే గిరిజనులకు, ఇసుకలో పడవను తోసే మత్స్యకారులకు కూడా కాలు మడత పడుతుంది. ఆటగాడి కాలు దెబ్బ తింటే ఒక పోటీ పోతుంది. కూలి చేసుకొనే మనిషి కాలు దెబ్బ తింటే ఆ సీజనంతా పోతుంది.

గాయం జరిగే తీరు ఒకసారి వివరంగా చెప్పుకోవాలి. వాలీబాల్‌లో నెట్ దగ్గర ఎగిరి బంతిని కొట్టిన పిల్ల కిందికి దిగేటప్పుడు ఆమె పాదం ఎదుటి జట్టు పిల్ల పాదం మీద పడుతుంది. ఆ క్షణంలో మునివేళ్లు కిందికి వంగి, అరికాలు లోపలికి తిరిగి ఉంటుంది. శరీరం బరువంతా చీలమండ బయటి అంచు మీద పడుతుంది. ఆ వైపున మూడు లిగమెంట్లు ఉంటాయి. కాలి బయటివైపు సన్నటి ఎముక అయిన ఫిబ్యులా కొస నుంచి ఒకటి ముందుకు, మడమ ఎముక పైన ఉండే టాలస్ ఎముకకు, ఒకటి కిందికి మడమ ఎముకకు, మరొకటి వెనకగా మళ్లీ టాలస్‌కే పోతాయి. మూడింటిలోకీ బలహీనమైనది ముందున్నది. మునివేళ్లు కిందికి వంగినప్పుడు ఎక్కువగా బిగిసేదీ అదే కావడం వలన మొదట తెగేది కూడా అదే. రిపోర్టులలో ‘ఏటీఎఫ్ఎల్’ అని రాసి ఉండేది ఈ లిగమెంటు గురించే. దెబ్బ ఇంకా బలంగా తగిలితే మడమకు పోయేది కూడా తెగుతుంది. వెనకది తెగడం అరుదు. గాయం తీవ్రతను సాగడం, కొంత తెగడం, పూర్తిగా తెగడం అని మూడు స్థాయిలుగా వైద్యులు లెక్కిస్తారు. రిపోర్టులో ‘టేర్’ అన్న మాట కనబడగానే తల్లిదండ్రులు బెంబేలెత్తిపోతున్నారు గాని, పూర్తిగా తెగిన స్థాయిలో సైతం అత్యధికులకు మొదటి చికిత్స కొద్ది రోజుల ఆసరా, ఆ తరువాత క్రమబద్ధమైన వ్యాయామమేనన్నది వైద్యశాస్త్రంలో ఇవాళ స్థిరపడిన విషయం.

మొదటి రోజున ఏం చేస్తామన్నది చాలా ముఖ్యం. కాలు మడత పడగానే నూనె రాసి గట్టిగా తోమడం, పాదం పట్టుకొని ఒక్క గుంజు గుంజడం, వేడి కాపడం పెట్టడం మా వైపు ఇప్పటికీ ఆనవాయితీ. చింతపండు, ఉప్పు కలిపి ఉడికించి వేసే పట్టు వలన పెద్ద హాని లేదు. తోమడం వలనా గుంజడం వలనా మాత్రం లోపలి రక్తస్రావం, వాపు పెరుగుతాయి. తెగిన పోగులు మరింత విడిపోతాయి. దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో, వాపు చూసిన వెంటనే నెలన్నర పాటు పిండికట్టు వేసి ఇంటికి పంపేవారూ ఉన్నారు. ఎముక విరగనప్పుడు అంతకాలం కదలకుండా కట్టేస్తే పిక్క కండ సన్నబడుతుంది, కీలు బిగుసుకుంటుంది, కట్టు విప్పిన మనిషి మళ్లీ నడక నేర్చుకోవలసి వస్తుంది. ఐసు ముక్కలను గుడ్డలో చుట్టి పదిహేను ఇరవై నిమిషాల చొప్పున పెట్టడం, వేళ్ల దగ్గర నుంచి పైకి క్రేప్ బ్యాండేజీ చుట్టడం, పడుకున్నప్పుడు కాలిని గుండె కన్నా ఎత్తులో ఉంచడం, రెండు మూడు రోజులు బరువు తగ్గించి ఆ తరువాత నొప్పి ఓర్చుకోగలిగినంత మేర నడవడం, చాలామందికి ఇంతకుమించి ఆ వారంలో అక్కరలేదు.

ఎక్స్‌రే ఎప్పుడు తీయించాలన్నది ప్రతి పాఠశాలలో, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తెలిసి ఉండవలసిన విషయం. కెనడాలోని ఒట్టావా నగర వైద్యులు 1992లో ఇందుకు కొన్ని నియమాలు రూపొందించారు. అవి ప్రపంచమంతటా వాడుకలో ఉన్నాయి. చీలమండ దగ్గర నొప్పితో పాటు, దెబ్బ తగిలిన వెంటనే, ఆ తరువాత వైద్యుని ఎదుట కూడా, రెండుసార్లూ నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండకు రెండు పక్కలా పొడుచుకొని ఉండే లోపలి గిలక లేదా బయటి గిలక ఎముక వెనక అంచు మీద కింది ఆరు సెంటీమీటర్లలో గాని, కొస మీద గాని వేలితో నొక్కితే నొప్పి పుట్టినా ఎక్స్‌రే తప్పనిసరి. పాదం మధ్యలో నొప్పి ఉన్నప్పుడు చిటికెనవేలి వైపు పొడవాటి ఎముక మొదలునూ, పాదం లోపలి వంపు పైన ఉండే నావిక్యులర్ ఎముకనూ కూడా నొక్కి చూడాలి. ఈ లక్షణాలేవీ లేనివారికి ఎముక విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ. రోజు కూలికి పోయే మనిషిని పట్నానికి పంపాలా వద్దా అన్నది ఈ చిన్న పరీక్షతో ఆరోగ్య ఉపకేంద్రంలోని నర్సమ్మ సైతం తేల్చగలదు.

ఇక్కడ నొప్పి మాత్రల గురించి ఒక మాట విడిగా చెప్పకుండా ఉండలేను. చీలమండ నొప్పి వారాల తరబడి సాగినప్పుడు మన పల్లెలలో మొదట జరిగేది మందుల దుకాణంలో చీటీ లేకుండా డైక్లోఫెనాక్ వంటి మాత్రలు కొని మింగడం, లేదా సంచి డాక్టరు చేత సూది పొడిపించుకోవడం. ఈ జాతి మందులు మూత్రపిండాలకు చేరే రక్తప్రసరణను తగ్గిస్తాయి. ఇప్పటికే మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి, ఎండలో చెమటోడ్చి నీరు తక్కువగా తాగేవారికి మరింత హాని చేస్తాయి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలలో కిడ్నీ వ్యాధి ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో రాష్ట్రానికంతటికీ తెలుసు. దాని కోసమే 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఉద్దానం అని పిలిచే ఆ ప్రాంతంలో బెణికిన కాలికి వ్యాయామం చెప్పే మనిషి దొరక్క, మాత్ర మాత్రమే దొరకడం నన్ను తీవ్రంగా కలవరపెట్టే విషయం.

వ్యాయామం అంటే చాలామంది కాలు అటూ ఇటూ ఆడించడమే అనుకుంటారు. లిగమెంటు ఎముకలను పట్టి ఉంచడమే కాక, పాదం ఏ కోణంలో ఉన్నదో మెదడుకు క్షణక్షణం తెలియజేస్తుంది. అందులోని నరాల కొసలు గాయంతో దెబ్బతింటాయి. అందుకే వాపు తగ్గి, నొప్పి పోయి, పైకి అంతా బాగున్నట్టు కనిపించే కాలు మళ్లీ మళ్లీ మడత పడుతుంది. ఈ లోటు ఒంటికాలి మీద నిలబడే సాధనతో పూడుతుంది. మొదట గోడకు చేయి ఆనించి, తరువాత చేయి తీసేసి, ఆపైన కళ్లు మూసుకొని, చివరకు మడత పెట్టిన దుప్పటి మీదనో దిండు మీదనో నిలబడాలి. కళ్లు మూసిన మరుక్షణం పాదం బయటి అంచు దగ్గర కండరాలు వణకడం స్పష్టంగా కనబడుతుంది. రోజూ సాధన చేసే పిల్లలలో కొన్ని వారాలకు ఆ వణుకు ఆగిపోతుంది. దానితో పాటు పాదాన్ని బయటికి తిప్పే పెరోనియల్ కండరాలకు బలం చేకూర్చాలి. అందుకు ఆసుపత్రులలో రంగురంగుల రబ్బరు పట్టీలు ఇస్తారు. మా బడిలో పాత సైకిల్ ట్యూబును కోసి బెంచీ కాలికి కట్టి అదే పని చేయించేవాళ్లం. మునివేళ్ల మీద లేవడం, గొంతు కూర్చొని లేవడం, నేరుగా పరుగు, ఎనిమిది అంకె ఆకారంలో పరుగు, ఒంటికాలి గెంతు, ఇవన్నీ ఒకదాని తరువాత ఒకటిగా రావాలి. ఒంటికాలి మీద గెంతినప్పుడు రెండు కాళ్లకూ తేడా లేదని తేలేదాకా పిల్లను మైదానంలోకి పంపకూడదు. తిరిగి ఆడేటప్పుడు కొంతకాలం యాంకిల్ బ్రేస్ అనే ఆసరా పట్టీ గాని, టేపు గాని వేసుకుంటే మళ్లీ బెణికే అవకాశం తగ్గుతుందని అనేక పరిశోధనలలో రుజువైంది.

ఇంత చేసినా కొందరికి కాలు కుదుటపడదు. చదునైన నేల మీద నడుస్తున్నప్పుడు కూడా చీలమండ ఒక్కసారిగా పక్కకు జారిపోతుంది. మెట్లు దిగాలంటే భయం, గతుకుల దారి అంటే భయం. మా పూర్వ విద్యార్థి ఒకడు తన స్థితిని చెబుతూ, “నొప్పి లేదు మాస్టారూ, కాలు మీద నమ్మకమే పోనాది” అన్నాడు. దీనినే దీర్ఘకాలిక అస్థిరత అంటారు. ఇటువంటి కాలిని ఏళ్ల తరబడి వదిలేస్తే టాలస్ ఎముక మీది మృదులాస్థి అరిగి, కీలు అరుగుదలకు దారితీస్తుంది. అనుభవమున్న వైద్యుడు ఒక చేత్తో మోకాలి కింది ఎముకను పట్టుకొని, రెండవ చేత్తో మడమను ముందుకు లాగి, రెండు కాళ్ల మధ్య తేడాను పోల్చి చూస్తాడు. ముందటి లిగమెంటు వదులైతే పాదం ఉన్న చోటు నుంచి ముందుకు కదులుతుంది. ఎమ్మారైలో తెగినట్టు కనిపించినా కాలు స్థిరంగా ఉన్నవారు ఎంతోమంది ఉన్నారు. కాబట్టి ఫిల్మును బట్టి కాక, మనిషి బాధనూ, ఈ పరీక్షనూ, సక్రమంగా చేసిన కనీసం మూడు నెలల వ్యాయామం ఫలితాన్నీ బట్టి శస్త్రచికిత్స నిర్ణయం జరగాలి.

ఆ నిర్ణయం దాకా వచ్చిన వారికి నేటి చిన్న కోత పద్ధతి నిజమైన వరం. చీలమండ కీలు ఇరుకైనది. 1931లో బర్మన్ అనే అమెరికా వైద్యుడు ఈ కీలులోకి గొట్టం పంపి చూడడం కుదరదని తేల్చాడు. జపాన్ వైద్యులు పట్టు వదలలేదు. తకాగి వేసిన బాటలో వతనాబే 1972లో 28 చీలమండల ఆర్థ్రోస్కోపీ, అంటే కీలులోకి గొట్టం పంపి చూసిన అనుభవాన్ని వెల్లడించాడు. మరోవైపు స్వీడన్ వైద్యుడు బ్రోస్ట్రోమ్ 1966లో, తెగిన లిగమెంటునే తిరిగి కుట్టే పద్ధతిని వివరించాడు. అంతకుముందు వాడుకలో ఉన్న కొన్ని శస్త్రచికిత్సలలో, పాదాన్ని కాపాడే పెరోనియల్ కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువునే కోసి లిగమెంటుకు బదులుగా వాడేవారు. కాలు స్థిరపడినా కీలు కదలిక తగ్గేది. 1980లో గౌల్డ్ అనే వైద్యుడు పక్కనే ఉండే గట్టి పొరను కూడా కలిపి కుట్టి బ్రోస్ట్రోమ్ పద్ధతిని మరింత బలపరిచాడు. ఇప్పుడు కెమెరాతో చేసేది ప్రధానంగా ఈ మరమ్మతునే.

ఎలా చేస్తారో చెబితే భయమూ, అపోహా రెండూ తగ్గుతాయి. సాధారణంగా నడుముకు మత్తు ఇస్తారు. చీలమండ ముందువైపు, ఒక్కొక్కటి సెంటీమీటరు కన్నా చిన్నవైన రెండు రంధ్రాలు చేసి, ఒకదాని గుండా పెన్సిల్ కన్నా సన్నని కెమెరా గొట్టాన్ని, రెండవదాని గుండా పరికరాలను పంపుతారు. సెలైన్ ద్రవంతో కీలును ఉబ్బించి, లోపలి మృదులాస్థిని తెర మీద చూస్తారు. అక్కడ పెచ్చులేమైనా ఊడి ఉంటే అప్పుడే సరిచేస్తారు. తరువాత ఫిబ్యులా కొసలో మూడు మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉండే ‘యాంకర్’ అనే చిన్న మేకును దిగవేసి, దానికున్న దారాలను వదులైన లిగమెంటు గుండా తీసి, పాదాన్ని కొంచెం బయటికి తిప్పి పట్టి ముడి వేస్తారు. వదులైన నులక మంచాన్ని కొత్త నులక లేకుండానే లాగి బిగించిన పని అనుకోవచ్చు. లిగమెంటు పూర్తిగా పాడైనవారికీ, కీళ్లు పుట్టుకతోనే వదులుగా ఉన్నవారికీ మోకాలి దగ్గర నుంచి తీసిన సన్నని స్నాయువును అతికించవలసి వస్తుంది. మడమ లోపలికి వంగి ఉన్నవారికి ఆ వంకరను సరిచేయకుండా లిగమెంటు మాత్రమే కుడితే మళ్లీ వదులవుతుంది.

పాదం పైభాగానికి స్పర్శనిచ్చే నరం ఒకటి సరిగ్గా బయటి రంధ్రం దగ్గర చర్మం కిందనే పోతుంది. నాలుగవ వేలిని కిందికి వంచి పాదాన్ని లోపలికి తిప్పితే చాలామందిలో ఆ నరం చర్మం కింద గీతలా పైకి తేలుతుంది; జాగ్రత్తగల సర్జన్ మత్తు ఇవ్వకముందే దాని మీద పెన్నుతో గుర్తు పెట్టుకుంటాడు. ఈ శస్త్రచికిత్సలో ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది ఆ నరం దెబ్బతిని పాదం పైన తిమ్మిరి రావడమే గనుక, ఈ పని చేసి చేయి తిరిగిన వైద్యుడినే ఎంచుకోవాలి. మధుమేహం అదుపులో లేనివారు, చుట్ట, సిగరెట్ మానని వారు గాయం మానడంలో ఇబ్బంది పడతారన్నది కూడా ముందే తెలుసుకోవాలి.

ప్రకటనలలో కనిపించని సంగతి ఒకటి ఉంది. పెద్ద కోతతో చేసినా, రంధ్రాలతో చేసినా, ఏడాది రెండేళ్ల తరువాత కాలి స్థిరత్వం దాదాపు ఒకటేనని పోల్చి చూసిన అధ్యయనాలు చెబుతున్నాయి. చిన్న కోత వలన మొదటి వారాలలో నొప్పి తక్కువ, పైగాయం త్వరగా మానుతుంది, కీలు లోపలి భాగాన్ని చూసే వీలుంటుంది. ఇవి చిన్న లాభాలేమీ కావు. కానీ కుట్టిన లిగమెంటు ఎముకకు అతుక్కోవడానికి పట్టే కాలం కోత చిన్నదైనందువలన తగ్గదు. వైద్యుని పద్ధతిని బట్టి కొంత తేడా ఉన్నా, మొదటి ఆరు వారాలు కట్టు లేదా బూటు ఆసరా, క్రమంగా బరువు మోపడం, ఆపైన బలం, నిలకడ సాధన, మూడు నాలుగు నెలలు దాటాక ఆట, ఇదీ సాధారణ క్రమం. పై గాయం పది రోజుల్లో ఆరిపోయిన మనిషి తనకు నయమైపోయిందనుకొని పొలంలోకి దిగితే లోపలి కుట్టు సాగిపోతుంది. భయపడి ఇంట్లోనే కూర్చున్న మనిషికి కీలు బిగుసుకుపోతుంది. రెండింటినీ నేను చూశాను.

ఆర్మీ ఎంపికకు సిద్ధమవుతూ గాయపడిన ఒక యువకుడి ఉదంతం చెబుతాను. తండ్రి అప్పు చేసి ఒక పెద్ద నగరంలోని ప్రైవేటు ఆసుపత్రిలో అతనికి చిన్న కోత శస్త్రచికిత్స చేయించాడు. ఆపరేషన్ బాగానే జరిగింది. మచ్చలు వెతికితే గాని కనబడవు. ఇంటికి పంపేటప్పుడు చేతికిచ్చింది ఇంగ్లీషులో అచ్చువేసిన ఒక కాగితం. అందులో ఏ వారం ఏ వ్యాయామం చేయాలో బొమ్మలతో సహా వివరంగా ఉంది గాని, ఆ ఇంట్లో దానిని చదివి చెప్పగలవారు గాని, ఆ మండలంలో దానిని చేయించగలవారు గాని లేరు. ఫిజియోథెరపీ కోసం వారానికి మూడుసార్లు బస్సెక్కి నగరానికి పోవడం ఆ కుటుంబం వల్ల కాలేదు. నా దగ్గరకు వచ్చేసరికి అతని పాదం పైకి వంగడం లేదు; గోడకు ఎదురుగా నిలబడి మడమ నేల మీద ఆనించి ఉంచి మోకాలిని గోడకు తాకించమంటే, మంచి కాలితో పోలిస్తే సగం దూరం కూడా రాలేకపోయాడు. నెలల తరబడి శ్రమపడి ఆ కదలికలో చాలా భాగం తిరిగి తెచ్చుకున్నాడు గాని, ఈలోగా అతని వయోపరిమితి దాటిపోయింది. శస్త్రచికిత్సకు పెట్టిన డబ్బుతో పోలిస్తే వ్యాయామానికి అయ్యే ఖర్చు ఎంత? ఆ కొద్దిపాటి ఏర్పాటు మన దగ్గర లేకపోవడం వలన ఒక కుటుంబం పెట్టుకున్న ఆశంతా పోయింది.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన మూడు జిల్లాలలో అనంతపురం, మహబూబ్‌నగర్‌లతో పాటు మన శ్రీకాకుళం కూడా ఉంది. పేదవాడికి పెద్ద శస్త్రచికిత్స అందించవచ్చునని మొదట రుజువైన నేలల్లో ఇది ఒకటి. శ్రీకాకుళంలో 2008 నుంచి, విజయనగరంలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి. ఇచ్ఛాపురం నుంచి విశాఖపట్నం రెండు వందల కిలోమీటర్లకు పైమాట. కుంటుతూ వచ్చే మనిషికి ఆ దూరం మరీ దూరం. మోకాలి ఆర్థ్రోస్కోపీకి వాడే కెమెరా, తెర, ద్రవపు పంపు చీలమండకూ పనికివస్తాయి. అదనంగా కావలసినవి కొన్ని సన్నని పరికరాలు, యాంకర్లు, ఆ పనిలో శిక్షణ పొందిన సర్జన్. కాబట్టి రెండు ప్రభుత్వ బోధనాసుపత్రులలోనూ ఈ చికిత్స క్రమం తప్పకుండా జరిగేలా చూడాలని కోరడం అత్యాశ కాదు. ప్రస్తుతం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా పిలుస్తున్న ఆ ఆరోగ్యశ్రీ పథకం కింద చీలమండకు ఏ చికిత్సలు లభిస్తాయో, వాటితో పాటు ఎన్ని వారాల ఫిజియోథెరపీ ఉచితమో ప్రతి నెట్‌వర్క్ ఆసుపత్రిలోనూ తెలుగులో, పెద్ద అక్షరాలతో గోడ మీద రాయించాలి. ఫిజియోథెరపీని చేర్చకుండా శస్త్రచికిత్సకు మాత్రమే డబ్బు చెల్లించే ఏ ఏర్పాటైనా చీలమండ విషయంలో సగం చికిత్సే.

అంతకన్నా ముందుగా జరగవలసినది టెక్కలి, పాలకొండ, రాజాం, పలాస వంటి చోట్ల ప్రభుత్వ ఆసుపత్రులలో వారంలో కొన్ని రోజులైనా ఫిజియోథెరపిస్టు అందుబాటులో ఉండడం. మా ప్రాంతపు పిల్లలే ఫిజియోథెరపీ డిగ్రీ చదివి హైదరాబాదుకో, బెంగళూరుకో పోతున్నారు. ఇక్కడ పోస్టు ఉంటే వారిలో కొందరైనా ఇక్కడే ఉంటారు. ఫిజియోథెరపిస్టు నేర్పిన క్రమాన్ని రోజూ దగ్గరుండి చేయించడానికి ఊళ్లో ఉన్న వ్యాయామ ఉపాధ్యాయుడు సరిపోతాడు. జిల్లా విద్యాశాఖ, ఆరోగ్యశాఖ కలిసి వ్యాయామ ఉపాధ్యాయులందరికీ ఏడాదికి ఒకసారి ఈ శిక్షణ ఇప్పిస్తే, ఎవరిని వెంటనే ఎక్స్‌రేకు పంపాలో, ఎవరికి బడిలోనే వ్యాయామం చేయించవచ్చో, మూడు నెలల తరువాత కూడా కాలు జారుతున్న పిల్లను ఎక్కడికి పంపాలో వారికి తెలుస్తుంది. కరణం మల్లీశ్వరి ఎదిగిన ఊసవానిపేట ఉన్న జిల్లా ఇది; ఇక్కడి ఆడపిల్లలు ఆటలలో పైకి రావడం కొత్త కాదు. ఒక బెణుకుతో ఆట మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టిన ఆడపిల్లలను నా ఉద్యోగకాలంలో చాలామందిని చూశాను. మగపిల్లవాడికి ఆసుపత్రి, ఆడపిల్లకు ఇంటిపని అన్న తేడా ఈ గాయం విషయంలో మరీ కఠినంగా కనిపిస్తుంది.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. ఆరోగ్య పేజీలో శస్త్రచికిత్సల గురించి రాయించేటప్పుడు, అది ఎవరికి అవసరం లేదో, చేయించుకున్నాక ఏ వారం ఏం చేయాలో సర్జన్‌తో పాటు ఒక ఫిజియోథెరపిస్టు చేత కూడా చెప్పించండి. ఆపరేషన్ తరువాతి ఆరు వారాల వ్యాయామ క్రమాన్ని తెలుగులో, బొమ్మలతో ఒక పూర్తి పేజీగా వేస్తే పల్లెలలో దానిని కత్తిరించి గోడకు అంటించుకొనేవారు చాలామంది ఉంటారు.

సంక్రాంతికి ఊరూరా వాలీబాల్, కబడ్డీ పోటీలు జరుగుతాయి. చీలమండ గాయాలు ఎక్కువగా జరిగేదీ అప్పుడే. పోటీలకు అనుమతి ఇచ్చే అధికారులు, ఈ సంక్రాంతి నుంచే, మైదానం దగ్గర ఐసు, క్రేప్ బ్యాండేజీలు, ఒక జత చంక కర్రలు, ప్రథమ చికిత్స తెలిసిన ఒక మనిషి తప్పనిసరిగా ఉండాలని నిర్వాహకులకు షరతు పెట్టేలా చూడవలసిందిగా జిల్లా కలెక్టర్లను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా